గేటు లోపల విదేశం

(ఒడిశాలోని బరంపురంలో ఒక తెలుగు గ్రంథాలయం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది. ఒకటికి రెండుసార్లు వచ్చిన మాటలు మాత్రం తీసేశాం.)

పెద్దలకూ అమ్మలకూ నమస్కారం. మైకు కొంచెం ఇటు జరపండి బాబూ... ఆఁ, చాలు.

మాస్టారు నన్ను పరిచయం చేస్తూ కార్మిక సమస్యల నిపుణుణ్ణి అన్నారు. అంత బరువు నేను మోయలేను. విశాఖపట్నం దగ్గర ఒక ఎగుమతి జోన్‌లో, బట్టలు కుట్టే కంపెనీలో, పదకొండేళ్లు టైమ్ ఆఫీసు గుమాస్తాగా చేశాను. ఎవరు ఎన్నింటికి గేటు దాటారు, ఎవరికి ఎంత ఓటీ, అదే ఓవర్‌టైమ్, వచ్చింది, ఎవరు ఎన్ని నాగాలు పెట్టారు, ఇది రాయడమే నా పని. కంపెనీ పేరు చెప్పను. అక్కడి ఉప్పు తిన్నవాణ్ణి. ఊరికి తిరిగొచ్చాక జనానికి పీఎఫ్, అంటే భవిష్య నిధి, కాగితాలు నింపిపెడుతున్నాను, డబ్బు తీసుకోకుండా. మా ఆవిడ దాన్ని పని అని ఒప్పుకోదు. (నవ్వులు)

కిందటేడు వానాకాలంలో పర్లాకిమిడి అవతల నుంచి ఒక గుంట వచ్చింది. ఇరవై మూడేళ్లుంటాయి. వాళ్ల నాన్న కూడా వచ్చాడు గానీ లోపలికి రాలేదు, అరుగు మీదే కూర్చున్నాడు. ఆ అమ్మాయి రెండేళ్ల ఏడు నెలలు చొక్కాల కంపెనీలో చేసి మానేసింది. పీఎఫ్ కోసం మూడుసార్లు పెట్టుకుంది, మూడుసార్లూ తిప్పికొట్టారు. "ఏటి మావయ్యా, నా పేరు నాది కాదంటన్నారు" అంది. చూస్తే సంగతి ఇది. మనం తెలుగువాళ్లం ఇంటిపేరు ముందు రాస్తాం. ఇక్కడి బడిలో ఒడియా పద్ధతిలో పేరు ముందు, ఇంటిపేరు వెనక రాశారు. ఆధార్‌లో అదే వచ్చింది. అక్కడ ఆంధ్రాలో గుమాస్తా, నాలాంటివాడే, ఇంటిపేరులో ఒక అక్షరం ముందు పెట్టి పేరు రాసేశాడు. కంప్యూటర్‌కి వాళ్లిద్దరూ వేరు వేరు మనుషులు. ఒకరు పనిచేశారు, ఇంకొకరు డబ్బు అడుగుతున్నారు!

ఆ అమ్మాయి ప్లాస్టిక్ కవర్లో జీతం స్లిప్పులన్నీ దాచుకుంది. మడతలు పడి, చెమటకి అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. ఒకటి విప్పి చదివాను. మీకూ చదువుతాను, ఎందుకంటే ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఆ చీటీలోనే ఉంది.

మొత్తం జీతం 10,400. పీఎఫ్ 12 శాతం, 1,248. ఈఎస్ఐ, అంటే కార్మికుల బీమా, 78 రూపాయలు. హాస్టలూ మెస్సూ కలిపి 2,000. చేతికి 7,074.

ఈ 10,400 రూపాయలు ఎవరి లెక్క? దాంట్లో ఒక మంచం ఉంది, మూడు పూటల మెస్సు ఉంది, సబ్బు ఉంది, ఫోన్ రీచార్జి ఉంది, ఇంటికి పంపే మూడో నాలుగో వేలు ఉన్నాయి. వాళ్లమ్మ కంటి ఆపరేషన్ లేదు. రేపు పుట్టబోయే బిడ్డ లేదు. ఆ అమ్మాయి పుట్టిన దగ్గర్నుంచి పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా పెట్టిన తిండి లేదు. మానేసి వచ్చాక నడుం నొప్పితో కూర్చుంటే పెట్టే తిండీ లేదు. అవన్నీ ఎవరు పెడుతున్నారు? అరుగు మీద కూర్చున్నాడే, ఆ ముసలాయన పెడుతున్నాడు. రెండెకరాల మెట్ట, ఒక ఆవు, ప్రభుత్వం ఇచ్చే బియ్యం, వాటితో పెడుతున్నాడు. ఎగుమతిదారుకి ప్రభుత్వం రాయితీలిచ్చిందని పేపర్లో చదువుతాం కదా, అన్నిటికంటే పెద్ద రాయితీ ఇచ్చేది ఆయన. ఆయన పేరు మాత్రం ఏ పేపర్లోనూ రాదు.

ఇది నేను కోపంలో అల్లిన మాట కాదు. 1957లో ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు కలిసి కూర్చునే భారత కార్మిక సదస్సు పదిహేనో సమావేశం జరిగింది. కనీస వేతనం అంటే ఏమిటో అక్కడ రాసుకున్నారు. ఒక కుటుంబం, అంటే మూడు వినియోగ యూనిట్లు, ముగ్గురు పెద్దవాళ్లకి అయ్యేంత ఖర్చు. పెద్ద మనిషికి రోజుకి 2,700 కేలరీలు. ఇంటికి ఏడాదికి 72 గజాల బట్ట. ఇంటద్దె, వంట చెరకు, దీపం. 1991లో సుప్రీంకోర్టు రప్టకోస్ బ్రెట్ అనే కంపెనీ కేసులో దానికి ఇంకో 25 శాతం కలపమంది: పిల్లల చదువు, వైద్యం, పండగలు, ముసలితనం, పెళ్లిళ్లు. అంటే కాగితం మీద మన దేశంలో జీతం ఎప్పుడూ కుటుంబం లెక్కే. మరి రోజుకి వందల గజాలు కుట్టే ఈ గుంటల ఇళ్లలోకి ఆ 72 గజాలు ఎప్పుడైనా వచ్చాయా?

ఇక జోన్ అంటే ఏమిటో చెప్పాలి. ఇక్కడున్న పిల్లలు కొందరు ఫ్యాక్టరీలున్న చోటు అనుకుంటున్నారు. ఫ్యాక్టరీలు ఎక్కడైనా ఉంటాయి. జోన్ అంటే ఒక గీత. మన బరంపురం వాళ్లకి గీతల సంగతి ఒకరు చెప్పాలా! 1936 ఏప్రిల్ 1న మద్రాసుకీ ఒరిస్సాకీ మధ్య గీత గీస్తే పొద్దున్నే లేచేసరికి మన తాతలు ఇంకో రాష్ట్రంలో ఉన్నారు. ఇల్లు కదల్లేదు, బావి కదల్లేదు, కచేరీ భాష మారింది. జోన్ కూడా అలాంటిదే. 2005 సెజ్ చట్టం, అంటే ప్రత్యేక ఆర్థిక మండళ్ల చట్టం, 53వ సెక్షన్ ప్రకారం ఆ కంచె లోపలి నేలని దేశపు కస్టమ్స్ హద్దులకి బయటి ప్రాంతంగా భావించాలి. గేటు లోపల విదేశం. దువ్వాడ స్టేషన్లో దిగి, ఆటోకి డబ్బులిచ్చి, గేటు దాటి విదేశం వెళ్లి, సాయంత్రం హాస్టల్‌కి వచ్చేవాళ్లం. పాస్‌పోర్టు అక్కర్లేదు. (నవ్వులు)

ఈ గీత గీయడం ఐర్లండులో మొదలైంది. షానన్ అనే విమానాశ్రయంలో అమెరికా వెళ్లే విమానాలు ఆగి నూనె పోయించుకునేవి. ఆగకుండా ఎగిరే జెట్‌లు వచ్చేసరికి ఆ ఊరికి గిరాకీ పోతుందని భయపడి, 1959లో విమానాశ్రయం చుట్టూ సుంకాలు లేని ప్రాంతం పెట్టారు. మన దేశంలో 1965లో కాండ్లా, ఆసియాలోనే అది మొదటిది అంటారు. తర్వాత బొంబాయి శాంతాక్రజ్. విశాఖకి 1989లో ఇచ్చారు, అక్కడ మెషీన్లు తిరిగేసరికి 1994 వచ్చింది. 2003లో అదే ప్రత్యేక ఆర్థిక మండలి అయింది. బోర్డు మారింది గానీ గేటు అదే.

చట్టంలో ఇంకో మెలిక ఉంది. చాలామంది కార్మిక నాయకులు కూడా దాన్ని తప్పుగా చెబుతారు. సెజ్‌లో కార్మిక చట్టాలు వర్తించవు అంటారు. అది నిజం కాదు. 49వ సెక్షన్ చదవండి. కేంద్రం జోన్ కోసం వేరే చట్టాలని మార్చుకోవచ్చు గానీ యూనియన్లు, కార్మిక వివాదాలు, పీఎఫ్, పరిహారం, ప్రసూతి సౌకర్యం, వీటి జోలికి పోకూడదని అందులోనే రాసి ఉంది. చట్టం లోపలే ఉంది. చేసిన పని ఏమిటంటే, ఆ చట్టాన్ని అమలుచేసే మనిషిని మార్చారు. లేబర్ కమిషనర్ అధికారాలు చాలాచోట్ల జోన్ డెవలప్‌మెంట్ కమిషనర్ చేతికిచ్చారు. ఎగుమతులు పెంచడం ఆయన ఉద్యోగం. కూలి తక్కువ ఇచ్చారన్న ఫిర్యాదూ ఆయనకే ఇవ్వాలి. పెళ్లికొడుకు తరఫు పెద్దమనిషే కట్నం తగాదా తీర్చడానికి కూర్చున్నట్టు.

పైగా చాలా రాష్ట్రాలు జోన్ యూనిట్లని ప్రజావసర సేవలుగా ప్రకటించాయి. అంటే సమ్మె చేయాలంటే ముందు నోటీసు ఇవ్వాలి. పాత చట్టంలో ఆ నిబంధన ఎందుకు పెట్టారు? ఊరికి నీళ్లు, కరెంటు చెప్పాపెట్టకుండా ఆగిపోకూడదని. చొక్కాకి గుండీ కుట్టడం ఊరికి నీళ్లు వదలడంతో సమానమట! 2025 నవంబర్ 21న పాత కార్మిక చట్టాలని కలిపి చేసిన కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఇప్పుడు ఏ ఫ్యాక్టరీలో సమ్మె చేయాలన్నా 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాల్సిందే. కంచె లోపల పెట్టి చూశారు, పనిచేసింది, కంచె బయటికి తెచ్చారు. నాకైతే జోన్ వల్ల జరిగిన అసలు మార్పు ఇదే అనిపిస్తుంది. అక్కడ ఎంతమంది పనిచేస్తున్నారన్నది కాదు.

లైన్ మీద పని ఎలా ఉంటుందో చెప్తాను. నేను కుట్టలేదు, చూశాను. వరసగా మెషీన్లు. ఒకరు కాలర్, ఒకరు కఫ్, ఒకరు జేబు, చివర చెకింగ్. గోడకి తెల్లబోర్డు. గంట గంటకీ రైటర్ వచ్చి అంకె వేస్తుంది. టార్గెట్ 60 అయితే 52 వచ్చిందనుకోండి, ఎర్ర మార్కర్‌తో 52. ఆ ఎనిమిదీ పోవు, తర్వాతి గంటకి చేరతాయి. మధ్యాహ్నం అయ్యేసరికి ఎర్ర అంకె అప్పు లాగా పెరుగుతుంది. సూపర్‌వైజర్ అరుపు కాలర్ దగ్గర మొదలై చెకింగ్ దాకా పాకుతుంది. ఆయన్నీ పైవాళ్లు అరుస్తారు, అది వేరే సంగతి. మా గుంటలు బాటిల్ నిండా నీళ్లు తెచ్చుకుని అలాగే తిరిగి తీసుకెళ్లేవారు. తాగితే బాత్రూమ్‌కి వెళ్లాలి, వెళితే అంకె పడిపోతుంది. ఎండాకాలంలో మూత్రంలో మంటతో ఎంతమంది ఫస్ట్‌ఎయిడ్ గదికి వచ్చేవారో ఆ పుస్తకం కూడా నేనే రాసేవాణ్ణి. మంటకీ తలనొప్పికీ జ్వరానికీ ఒకే తెల్ల మాత్ర.

అందుకే ఎక్కువమంది ఉండరు. నా రిజిస్టర్లో మూడో దసరా చూసిన పేర్లు తక్కువ. ఇప్పుడు చట్టం ఇచ్చే మేళ్లన్నీ ఒకసారి చూడండి. గ్రాట్యుటీకి, అంటే మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బుకి, అయిదేళ్లు నిండాలి. కొత్త కోడ్‌లో నిర్ణీత కాలం ఒప్పందం మీద తీసుకున్నవాళ్లకి ఒక ఏడాది చాలన్నారు, మంచిదే, ఆ ఒప్పందం కాగితం చేతికిస్తే. పీఎఫ్ పింఛనుకి పదేళ్లు. ప్రసూతి సెలవు 2017 నుంచి 26 వారాలు, గొప్ప చట్టం, కానీ పెళ్లికి ముందే పని మానేసే అమ్మాయికి అది ఎప్పుడు అందుతుంది? ఈఎస్ఐలో జబ్బు సెలవు డబ్బు రావాలంటే ఆర్నెల్లలో 78 రోజుల చందా కట్టి ఉండాలి. తమాషా చూడండి, స్లిప్పులో కోసింది 78 రూపాయలు, కావాల్సింది 78 రోజులు. రెండు నెలలు చేసి, ఇంట్లో ఎవరికో బాగాలేదని నాలుగు నెలలు ఊరొచ్చి, మళ్లీ వెళ్లే గుంటకి డబ్బు కోత తప్పదు, రోజులు నిండవు. నిచ్చెనకి మెట్లున్నాయి, మొదటి మెట్టే మనిషెత్తున ఉంది.

మన రాయగడ, గజపతి, కోరాపుట్ జిల్లాల నుంచి ఆడపిల్లలు వెళ్లే దారి కూడా చెప్పాలి. 2014లో దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన వచ్చింది. కుట్టు మెషీన్ శిక్షణ, యూనిఫాం, సర్టిఫికెట్, తర్వాత తిరుప్పూరో బెంగళూరో విశాఖో ఉద్యోగం. శిక్షణ ఇచ్చే సంస్థ లెక్కలో, మూడు నెలలు ఉద్యోగంలో ఉంటే ఉపాధి దొరికినట్టే. నాలుగో నెల నుంచి ఆ పిల్లని పలకరించేవాడు ఉండడు. పాత కాలంలో దాదన్ సర్దారు, అంటే ముందే బయానా ఇచ్చి కూలీలని కుదుర్చుకునే మేస్త్రీ, తీసుకెళ్లేవాడు. వాణ్ణి పట్టుకోవడానికి ఒరిస్సాలో 1975లో చట్టం చేశారు, 1979లో కేంద్రం వలస కార్మికుల చట్టం చేసింది. సర్దారు చెడ్డవాడే, కానీ వాడి ఇల్లు ఏ ఊళ్లో ఉందో తెలుసు. వెళ్లి గుమ్మం ముందు కూర్చుని తిట్టేవాళ్లు. శిక్షణ కేంద్రం అయిపోయాక గది ఖాళీ, బోర్డు ఖాళీ.

ఇంత చెప్పి జోన్‌లు వద్దంటున్నాడు అనుకోకండి. మా లైన్లో ఒక సవర పిల్ల ఉండేది. తమ్ముణ్ణి ఐటీఐ చదివించింది. ఇంట్లో సంబంధం చూస్తే "ఇంకో ఏడాది ఆగండి" అని ఫోన్లో చెప్పగలిగింది. వాళ్లమ్మకి ఆ వయసులో ఆ మాట అనే ధైర్యం లేదు, ఆ ఫోనూ లేదు. తన పేరున బ్యాంకు ఖాతా. వరి కోతల్లో వంగి చేసే పనికంటే కుర్చీలో కూర్చుని చేసే పని నయమని వాళ్లే అంటారు, ఆ మాట కాదనడానికి నేనెవర్ని? నా తగువు ఉద్యోగంతో కాదు, దాని లెక్కతో. కంపెనీకి ఆదాయపు పన్ను రాయితీ పదిహేనేళ్ల దాకా సాగదీసి ఇచ్చారు: మొదటి అయిదేళ్లు పూర్తిగా, తర్వాతి అయిదేళ్లు సగం, ఆ తర్వాత లాభం మళ్లీ పెట్టుబడిగా పెడితే ఇంకో అయిదేళ్లు. యంత్రానికి పదిహేనేళ్ల ఆలోచన. ఆ యంత్రం మీద కూర్చునే పిల్లకి రెండేళ్ల ఆలోచన.

ఈ కథ మనకి కొత్త కూడా కాదు. గోపాల్‌పూర్ రేవు నుంచి ఓడెక్కి మన తాతలు రంగం, అంటే బర్మా, వెళ్లారు. అంతకుముందే గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల వాళ్లని మారిషస్ చెరుకు తోటలకి తీసుకెళ్లారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్లని కోరంగీలు అనేవారు. ఆ మారిషస్ 1970లో ఎగుమతి జోన్ చట్టం చేసింది. చెరుకు కోసినవాళ్ల మునిమనవరాళ్లు స్వెట్టర్లు అల్లారు. జోన్‌లో ఆడవాళ్ల కనీస వేతనం మగవాళ్లకంటే తక్కువ పెట్టారు. దేశం బాగుపడిందా అంటే పడింది, ప్రపంచమంతా మెచ్చుకుంది. కానీ 2005 జనవరి 1న, బట్టల దిగుమతిలో ఏ దేశానికెంత అని పెట్టిన కోటాలు ఎత్తేసేసరికి మిల్లులు మూతపడ్డాయి, నలభై ఏళ్లు దాటిన ఆడవాళ్లు ముందు రోడ్డున పడ్డారు. మనకి 2025 ఆగస్టు 27న అమెరికా 50 శాతం సుంకం వేసింది. సుంకం పడింది రొయ్య మీద, చొక్కా మీద. కానీ ఆర్డరు తగ్గితే ముందు తగ్గేది ఓటీ, తర్వాత పని రోజులు, తర్వాత హాస్టల్లో మంచాలు.

2020 మే నెల, ఆ కరోనా రోజులు గుర్తున్నాయా? సూరత్ నుంచి రైళ్లు వచ్చి జగన్నాథపూర్ స్టేషన్లో ఆగాయి. సూరత్ మగ్గాలన్నీ జోన్‌లో లేవు, కానీ లెక్క ఒకటే. మగ్గం ఆగిన రోజున యజమానికి మనిషి ఖర్చు ఆగిపోయింది. మన గంజాం ఊళ్లలో పొయ్యి ఆగలేదు. బడిలో చాపలు వేసి, వారాల తరబడి వండి పెట్టి, ఇళ్లకి తీసుకెళ్లాం. ఆ ఖర్చు ఏ కంపెనీ పద్దులో రాశారో ఎవరైనా చూపిస్తే నేను మైకు వదిలేస్తాను. (చప్పట్లు)

పెద్దాయన ఒకాయన చీటీ పంపారు, మన గోపాల్‌పూర్ సంగతి చెప్పమని. నాకు తెలిసింది చెప్తాను. 1990ల మధ్యలో ఛత్రపురం దగ్గర టాటా స్టీల్ కర్మాగారం కోసం భూములు తీసుకున్నారు. జనం ఎదురు తిరిగారు, పోలీసులతో గొడవలూ జరిగాయి. చివరికి ఆ ఉక్కు కర్మాగారం ఇక్కడ రాలేదు, కళింగనగర్‌లో వచ్చింది. ఇక్కడి భూమి చాలా ఏళ్లు ఊరికే ఉండి, తర్వాత ఇండస్ట్రియల్ పార్కూ సెజ్జూ అయింది. ఆ దారిన వెళితే మీకు గుర్తొచ్చేది ఏమిటి? మొగలి. పొలం గట్ల మీద, కాలవ పక్కన పొదలు. తెల్లవారకముందే వెళ్లి ముళ్ల రేకుల మధ్య చెయ్యి పెట్టి పువ్వు కోసేవారు. ఎండ ఎక్కేలోపు రాగి డేగ్‌లో, అంటే అత్తరు దింపే పాత్రలో, పడాలి, లేకపోతే వాసన పోతుంది. పువ్వుకింత అని లెక్క. భూమికి పట్టా ఉంటుంది కాబట్టి ఎంతో కొంత పరిహారం ఉంటుంది. తెల్లవారుజామున పువ్వు కోసిన చేతికి పట్టా ఏది? ఉద్యోగాల మాటకొస్తే ఇది మనొక్కరి గొడవ కాదు. 2014లో కాగ్, అంటే ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే సంస్థ, దేశంలోని సెజ్‌లని లెక్కచూసింది. నోటిఫై చేసిన 45 వేల పైచిలుకు హెక్టార్లలో 62 శాతం నేల మీదే పని మొదలైందని తేల్చింది. తనిఖీ చేసిన చోట్ల ఇస్తామన్న ఉద్యోగాల్లో మూడింట రెండొంతులకు పైగా రాలేదు.

మన ఊళ్లో పుట్టినాయన ఒకరున్నారు. 1894లో, ఈ బరంపురంలోనే. వి.వి. గిరి. అందరూ రాష్ట్రపతిగానే తలుచుకుంటారు. నేను తలుచుకునేది 1954ని. కేంద్ర కార్మిక మంత్రిగా ఉంటూ, బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుని ప్రభుత్వం తగ్గించిందని మంత్రి పదవి వదిలేశారు. యజమానీ కార్మికుడూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి, ప్రభుత్వం మధ్యలో దూరి తీర్పు చెప్పకూడదు అనేది ఆయన పద్ధతి. బాగుంది. కానీ ఎదురుగా కూర్చోవాలంటే రెండు కుర్చీలుండాలి. పర్లాకిమిడి పిల్ల, పక్కన సవర పిల్ల, ఆ పక్కన జార్ఖండ్ పిల్ల. ముగ్గురికీ ఒక భాష లేదు, ముగ్గురూ రెండేళ్లలో వెళ్లిపోతారు. యూనియన్ రిజిస్టర్ చేసేలోపే అధ్యక్షురాలి పెళ్లయిపోతుంది! (నవ్వులు) నవ్వొస్తుంది గానీ నేను కళ్లారా చూశాను.

అయినా ఒకసారి జరిగింది. 2016 ఏప్రిల్లో, బెంగళూరులో. పీఎఫ్‌లో యజమాని వాటా 58 ఏళ్లు వచ్చేదాకా తీసుకోకూడదని కేంద్రం నిబంధన తెచ్చింది. బట్టల కార్మికులు, ఎక్కువమంది ఆడవాళ్లే, నాయకుడంటూ లేకుండా వేలమంది రోడ్డు మీదికి వచ్చేశారు. రెండు రోజుల్లో కేంద్రం ఆ నిబంధన వెనక్కి తీసుకుంది. ఢిల్లీలో వాళ్లకి అర్థం కానిది ఏమిటంటే, ఆ పిల్లలకి పీఎఫ్ ముసలితనం డబ్బు కాదు. పని మానేసిన రోజున చేతికొచ్చే ఏకైక మొత్తం. దాంతో పెళ్లి, దాంతో ఇంటి కప్పు, దాంతో తండ్రి అప్పు. జీతంలో రాని కుటుంబం లెక్క అంతా ఆ డబ్బులోనే సర్దుకోవాలి.

అందుకే నేను పేరు దగ్గర కూర్చుంటాను. ఇంటిపేరు ముందా వెనకా అన్నది మీకు చిన్న విషయం. ఆ అమ్మాయికి అది పీఎఫ్ వాటాలు రెండూ కలిపి రెండేళ్ల ఏడు నెలల కష్టం. మూడు నెలలు తిరిగాం. కంపెనీ సంతకంతో జాయింట్ డిక్లరేషన్, అంటే పేరు సరిచేయమని ఇద్దరూ కలిసి ఇచ్చే కాగితం, పెట్టాం. ఆ సంతకం కోసం నా పాత పరిచయాలు వాడుకున్నాను, సిగ్గులేకుండా. డబ్బు వచ్చింది. వాళ్ల నాన్న ఈసారి లోపలికి వచ్చాడు, ఒక బుట్ట సీతాఫలాలతో.

చెప్పండమ్మా... వెనకనున్న అమ్మగారు ఏదో అడుగుతున్నారు. మైకు ఇవ్వండి.

(సభ నుంచి ఒక మహిళ: మా కోడలిది పెళ్లయ్యాక ఇంటిపేరు మారిపోనాది బాబూ. కంపెనీలో పాతదే ఉన్నాది. వస్తాదా?)

వస్తుందమ్మా. కోడలు ఇంకా కంపెనీలోనే చేస్తోందా, మానేసిందా? మానేసింది. సరే. ఆధార్‌లో ఇంటిపేరు మార్చించారా? లేదు కదా? అయితే ఇప్పుడు మార్చకండి! డబ్బు వచ్చేదాకా పాత పేరే ఉండనివ్వండి. ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి ఈ గ్రంథాలయం వరండాలోనే ఉంటాను. ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, ఒక్కటైనా జీతం స్లిప్పు, పీఎఫ్ ఖాతా నంబరు, అదే యూఏఎన్, దానికి కలిపిన ఫోను తెచ్చుకోండి. ఫోన్ నంబరు మార్చేసి ఉంటే పాత సిమ్ముంటే అది కూడా వెతికి తెండి, ఓటీపీ దానికే వస్తుంది. కోడల్ని కూడా తీసుకురండి, సంతకం మీది పనికిరాదు.